కేదార్‌కంఠ చలికి స్లీపింగ్ బ్యాగు

నవంబర్ 16
డిసెంబర్ ఆఖర్లో నేనూ చెల్లీ ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ఎక్కబోతున్నాం. శిఖరం ఎత్తు దాదాపు 12,500 అడుగులు. మంచు మీద గుడారాల్లో పడుకోవాలి, రాత్రి మైనస్ 10 డిగ్రీలకు సిద్ధపడి వెళ్లాలి.

దుకాణంలో మొదట చూసిన బ్యాగు మీద పెద్ద అక్షరాలతో ‘మైనస్ 10’ అని ఉంది. లోపలి చీటీ చదివితే అసలు సంగతి తెలిసింది. కంఫర్ట్ మైనస్ 4, లిమిట్ మైనస్ 10, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 28. ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం జరిగే పరీక్షలో వేడిచేసిన మనిషి బొమ్మను బ్యాగులో పెట్టి చలిగదిలో పడుకోబెట్టి ఈ అంకెలు లెక్కగడతారు. లిమిట్ అంటే మగవాడు ముడుచుకుని పడుకుంటే ఎలాగో గడిచే చలి. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం నిలబడటం వరకే. హాయిగా నిద్రపట్టేది కంఫర్ట్ అంకె దగ్గర. దాన్ని మహిళల శరీరాన్ని బట్టి లెక్కిస్తారు కాబట్టి చెల్లికి మరీ ముఖ్యం. మిగతా రెండూ చూడకుండా ఇద్దరికీ కంఫర్ట్ మైనస్ 9 ఉన్నవే తీసుకున్నాను. బాతు నూగుతో (లోపలి మెత్తటి ఈకలతో) నింపినవి, ఒక్కొక్కటి కిలోన్నర. సింథటిక్‌వి చవకే, తడిసినా కొంత వెచ్చదనం ఇస్తాయి, కానీ ఇంత వెచ్చనివి బాగా బరువు. నూగు తడిస్తే ఉండలు కట్టి పనికిరాకుండా పోతుంది, ఆ జాగ్రత్త మాదే.

డిసెంబర్ 7, లంబసింగి
బ్యాగులు ఎలా ఉన్నాయో చూడటానికి ఇక్కడ గుడారంలో పడుకున్నాం. థర్మామీటర్‌లో 6 డిగ్రీలు. ఈ బ్యాగుకు ఇది చలే కాదు. అయినా మొదటి రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసింది. పైన వెచ్చగా ఉంది, తుంటి కింద మాత్రం నేల చల్లగా తగులుతోంది. చెయ్యి పెట్టి చూస్తే అక్కడ బ్యాగు గుడ్డలా పలచగా ఉంది! వెచ్చదనం నూగులో చిక్కుకున్న గాలిది. మన బరువుకు నూగు నలిగితే ఆ గాలి ఉండదు. కింది చలిని ఆపాల్సింది చాపే. నేను వేసుకున్నది పలచని ఫోమ్ చాప, ఆర్-విలువ (చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 2. రెండో రాత్రి దాని మీద 4 ఉన్న గాలి పరుపు వేశాను. ఈ విలువలు కూడుకుంటాయి, మొత్తం 6. తెల్లవారే దాకా కదలలేదు.

తల లోపలికి లాక్కుని పడుకోవడం వల్ల ముక్కు దగ్గర గుడ్డ తేమగా ఉంది. కేదార్‌కంఠ చలిలో ఊపిరి తేమ నూగులోకి దిగితే మర్నాటికి ఆరదు. ముఖం బయటే ఉంచి ఉన్ని టోపీ పెట్టుకోవాలి. గుడారం గోడల నుంచి కారిన నీటిచుక్కలను తువ్వాలుతో అద్ది, తొమ్మిదింటి దాకా బ్యాగులను ఎండలో ఆరేశాం.

డిసెంబర్ 14
నూగు బ్యాగును నెలల తరబడి బిగించిన సంచిలో ఉంచితే మళ్లీ పొంగదు. అమ్మ పాత దుప్పటితో రెండు పెద్ద సంచులు కుట్టి ఇచ్చింది. ఇంట్లో వాటిలోనే ఉంటాయి.

గాలి పరుపు తెల్లవారేసరికి కాస్త మెత్తబడుతోంది. రేపు సబ్బునీళ్లు రాసి, బుడగలు ఎక్కడ వస్తాయో చూడాలి.