తోకలు తీస్తారా, మొగాలు తీస్తారా?

మా ముగ్గురికీ అమ్మానాన్నలు పెట్టిన పేర్లు ఉన్నాయి గానీ కారు బెజవాడ దాటగానే అవి పక్కకు పోయాయి. లెక్కల టీచరుగా రిటైరైన పెద్దాయన చేతిలో నికాన్ డీ500 కెమెరా ఉంది కాబట్టి ఆయన నికాన్ మాస్టారు. నేను కెనాన్. వెనక సీట్లో బ్యాగుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఈమధ్యే పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, అదీ లోపల అద్దం లేని కొత్త రకం కొన్నాడు, అతను మిర్రర్‌లెస్ తమ్ముడు. సంక్రాంతి హడావుడి అయిపోయింది. సూళ్లూరుపేటలో మూడు రాత్రులు ఉండి ఒక పూట పులికాట్ సరస్సు దగ్గర, ఒక పూట నేలపట్టు చెరువు దగ్గర పక్షుల ఫొటోలు తీయాలని బయల్దేరాం.

నాకైతే ఇంకో పని కూడా ఉంది. నాది సెవెన్ డీ మార్క్ టూ, 2014 నాటి కెమెరా. దానికి 400 ఎంఎం ఎఫ్/5.6 లెన్సు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. 1993 నాటి డిజైను, చేతి వణుకును ఆపే స్టెబిలైజేషన్ లేదు. బరువు మాత్రం కిలోంపావు. మాస్టారి 200-500 లెన్సు అయితే రెండు కిలోలు దాటుతుంది. నావి రెండూ అమ్మేసి నేనూ మిర్రర్‌లెస్‌కి మారాలా వద్దా అనేది ఏడాదిగా తేలట్లేదు. ఈ ట్రిప్పులో తేల్చేద్దామనుకున్నాను.

ఒంగోలు దాటేదాకా క్రాప్ మీదే గొడవ, అంటే మా ఇద్దరి కెమెరాల్లోని చిన్న సెన్సరు బొమ్మ అంచుల్ని ఎంత కోసేస్తుందనే లెక్క. తమ్ముడు తన లెన్సు 600 దాకా వెళ్తుందని, మా ఇద్దరికంటే తనకే పక్షి దగ్గరగా వస్తుందని అన్నాడు. మాస్టారికి అంతకంటే ఏం కావాలి? లెక్క మొదలెట్టారు. "నీది ఫుల్‌ఫ్రేమ్, కాబట్టి 600 అంటే 600. ఈయన 400ని 1.6తో గుణిస్తే 640. నాది 500 ఇంటూ 1.5, అంటే 750. చూపు ఎంత ఇరుకో చూస్తే నువ్వే ఆఖరు." తమ్ముడు ఒప్పుకోలేదు. తనకు 33 మెగాపిక్సెల్స్ ఉన్నాయని, కావలసినంత కోసుకుంటానని అన్నాడు. "కొయ్యి. 1.5 వంతున పొడుగూ తగ్గుతుంది, వెడల్పూ తగ్గుతుంది. 33ని 2.25తో భాగించు. పద్నాలుగూ చిల్లర. నాకు కొయ్యకుండానే 20.9 ఉన్నాయి." కారులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నిజానికి క్రాప్ వల్ల పక్షి ఒక్క అడుగు కూడా దగ్గరికి రాదు, చుట్టూ ఉన్నది తెగిపోతుందంతే. ఆ మాట అందామనుకున్నాను గానీ అంటే నెల్లూరు దాకా ఇదే సాగేది.

లాడ్జిలో దోమలున్నాయని తమ్ముడు రాత్రంతా ఏసీ వేసుకుని పడుకున్నాడు. కెమెరా టేబుల్ మీదే పెట్టాడు. తెల్లవారకముందే షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, రోడ్డు మీద దిగి లెన్సు మూత తీస్తే ముందద్దం మొత్తం తెల్లగా పొగ పట్టినట్టయిపోయింది. చల్లటి గాజుకి సముద్రం పక్క తేమ గాలి తగిలితే అంతే మరి. తుడిస్తే మళ్లీ పడుతుంది, గాజు వేడెక్కేదాకా ఆగాల్సిందే. ఇరవై నిమిషాలు పాపం ఊరికే నిలబడ్డాడు. సూర్యుడు నీళ్లలోంచి లేచింది సరిగ్గా ఆ ఇరవై నిమిషాల్లోనే. బ్యాగులోనే ఉంచి, జిప్పు మూసి, ఏసీ లేని చోట పెట్టుకోవాలని మాస్టారు ముందే చెప్పాల్సింది. ఆయనకు తెలుసు. ఆ 14 మెగాపిక్సెల్స్ వాదన ఇంకా మనసులో ఉండి చెప్పలేదేమోనని నా అనుమానం.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే ఈ రోడ్డు సరస్సు మధ్యగా పడమటి నుంచి తూర్పుకు పోతుంది. రెండు పక్కలా నీళ్లే, నీళ్లు తగ్గిన చోట బురద. చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ప్రళయకావేరి అని పాత పేరు. జనవరిలో పొద్దుటి సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు. కాబట్టి ఉత్తరం పక్కకు తిరిగి నిలబడితే వెలుగు మన వీపు మీద నుంచి వచ్చి పక్షి మీద పడుతుంది. దక్షిణం పక్కకు తిరిగితే నల్లటి నీడబొమ్మలే వస్తాయి. నీడబొమ్మలూ బాగుంటాయి గానీ రాజహంసని, అదే ఫ్లెమింగోని, నల్లగా తీయడానికి అంత దూరం వెళ్లక్కర్లేదు కదా.

రాజహంసలు ఉన్నాయి. వందల్లో ఉన్నాయి, కానీ చాలా దూరంలో. నిలబడి ఉన్నప్పుడు తెల్లటి గీతలాగే కనిపిస్తాయి. తల కిందులుగా ముంచి, ముక్కుతో నీళ్లు వడకడుతూ మెల్లగా నడుస్తుంటాయి. అసలు రంగంతా రెక్కల్లో దాచుకున్నాయి. ఓ గుంపు లేచినప్పుడు ఆ గులాబీ, అంచున నలుపు ఒక్కసారి విచ్చుకునేసరికి ముగ్గురం షటర్ నొక్కడం మర్చిపోయాం. కాదు, మాస్టారు మర్చిపోలేదు. సెకనుకు పది ఫ్రేముల డీ500 టకటకమంటూనే ఉంది.

తొమ్మిదిన్నరయ్యేసరికి ఆట ముగిసింది. బురద వేడెక్కి గాలి అలలు అలలుగా లేవడం మొదలెట్టింది. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే మాస్టారి 750, నా 640, తమ్ముడి 600 మూడింట్లోనూ రాజహంసలు నీళ్లలో నానిన బొమ్మల్లా ఉన్నాయి. ఫోకస్ తప్పిందనుకుని తమ్ముడు పావుగంట సెట్టింగులు మార్చాడు. ఫోకస్ తప్పలేదు. మధ్యలో కిలోమీటరు వేడిగాలి ఉంటే ఏ గాజు మాత్రం ఏం చేస్తుంది? దానికితోడు నేను ఎండలో నిలిపిన కారు బానెట్ మీద చేతులు ఆనించి తీస్తున్నాను. లెన్సు కిందే ఇంజను వేడి. ఇన్నేళ్లుగా తీస్తూ ఇది నాకు తట్టకపోవడం సిగ్గుచేటే. రాకెట్ కేంద్రం వైపు ఫొటోలకు అనుమతి ఉండదు కాబట్టి అక్కడిదాకా పోకుండానే వెనక్కి తిప్పేశాం. సాయంత్రం కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడికి వెళ్లి, చీకటి పడ్డాక లాడ్జి చేరాం.

రెండో రోజు నేలపట్టు. హైవే మీద దొరవారిసత్రం దగ్గర లోపలికి తిరగాలి. చెరువు నిండా నీటి కడప చెట్లు మొదళ్లు మునిగి నిలబడి ఉంటాయి. వాటి మీద గూడబాతులు, అంటే పెలికాన్లు. ఒక్కో చెట్టు మీద పది, పదిహేను గూళ్లు. చప్పుడు, వాసన, రెండూ ఘాటే. మధ్యమధ్యలో నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు. రెట్ట అంతా చెరువులోకే పడుతుంది, ఆ నీళ్లే పొలాలకు పారతాయి. పక్షులు రాకపోతే ఏదో అరిష్టమని ఊరివాళ్లు దిగులు పడతారట.

తమ్ముడు గూళ్లకు ఇబ్బంది కలగకూడదని కెమెరాను సైలెంట్‌లో పెట్టాడు. మంచి ఉద్దేశమే. కానీ ఎలక్ట్రానిక్ షటర్‌లో సెన్సరు బొమ్మను పైనుంచి కిందకు వరసలు వరసలుగా చదువుతుంది. చదివేలోపు రెక్క కదిలిపోతుంది. అతని మొదటి యాభై ఫొటోల్లో గూడబాతుల రెక్కలు గాలికి వంగిన అరిటాకుల్లా వచ్చాయి. మెకానికల్ షటర్‌కి మార్చమన్నాను. నావి ఇంకో రకం. తెల్లటి పక్షి వెనక ముదురాకుపచ్చ చెట్టు, కెమెరా ఆ చీకటిని చూసి వెలుగు పెంచింది. ఈకలన్నీ సున్నం కొట్టినట్టు తేలిపోయాయి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించాక దారికొచ్చింది.

ఇంత చేసినా అన్నీ వెనక వైపు నుంచే. పక్షి మా తల మీదుగా వెళ్లి, చెట్టు దగ్గర మాకు వీపు చూపించి దిగుతోంది. కాసేపు మమ్మల్నే చూస్తున్న వాచర్ ఒకాయన దగ్గరికొచ్చాడు.

"యాడ నిలబడుండారు సార్ మీరు? తోకలు తీస్తారా, మొగాలు తీస్తారా?"

మాస్టారు బిక్కమొహం వేశారు. ఆ వాచర్ కాస్త పొడి మట్టి తీసి గాల్లోకి వదిలి చూపించాడు. పక్షి ఎప్పుడూ గాలికి ఎదురుగానే దిగుతుంది. ఆ పొద్దున గాలి ఈశాన్యం నుంచి ఉంది. మేమేమో పడమటి పక్కన నిలబడ్డాం. "కట్టెమ్మడి అటు పొండి. గాలి మీ ఈపుకి తగలాల. ఎండ కూడా ఆ పక్కే ఉండాది." అంతే, వెళ్లిపోయాడు. ఏ లెన్సులని అడగలేదు, స్క్రీన్ చూపించమనీ అడగలేదు.

కట్ట మీద రెండొందల అడుగులు నడిచామేమో. అక్కడి నుంచి చూస్తే ప్రతి గూడబాతూ మా మొహంలోకే వస్తోంది. కాళ్లు ముందుకు చాచి, రెక్కలు విప్పి బ్రేకు వేసినట్టు ఆగి, ముక్కు కింద సంచి వేలాడేసుకుని దిగుతోంది. మాస్టారు 'అబ్బ' అన్నారు. రెండు రోజుల్లో ఆయన లెక్క లేకుండా అన్న మాట అదొక్కటే.

అప్పుడు తమ్ముణ్ని అడిగి ఓ గంట అతని కెమెరా తీసుకున్నాను, నాది అతనికిచ్చాను. నేను ఒప్పుకోవాలి, పక్షి కంటిని తనే వెతికి ఫోకస్ చేసే ఆ ఐ డిటెక్షన్ మామూలుది కాదు. అద్దం ఉండే నా పాతరకం డీఎస్ఎల్ఆర్‌లో మధ్య పాయింటుని పక్షి మీద నిలబెట్టి ప్రాణం బిగబట్టాలి, ఓ కొమ్మ అడ్డొస్తే ఫోకస్ కొమ్మ మీదకు దూకుతుంది. ఇక్కడ కొమ్మల సందుల్లోంచి కూడా చిన్న చతురస్రం కంటిని పట్టుకుని వదల్లేదు. సెట్టింగులు 1/2000, ఎఫ్/6.3, ఐఎస్ఓ 800. ఓ గూడబాతు పిల్లల మీదకు దిగుతుంటే నొక్కాను. కంటిపాప, సంచి మీది నరాలు, రెక్కల చివర ఒక్కో ఈక, వెనక మెత్తటి ఆకుపచ్చ. ఇన్నేళ్లలో నేను తీసిన పక్షుల్లో అంత మంచిది లేదు. అటు తమ్ముడు నా 400తో తంటాలు పడుతున్నాడు. జూమ్ రింగు కోసం వెతుకుతుంటే అది ప్రైమ్ లెన్సు బాబూ, తిరగదు అని మాస్టారు చెప్పారు.

రాత్రి లాడ్జిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. తమ్ముడి కార్డులో రెండు వేలు దాటాయి, నా కార్డులో నాలుగొందలు, అందులో గంట సేపటివి అతను తీసినవి. ఆ గూడబాతు తెర మీదకు రాగానే మాస్టారు అతని భుజం తట్టారు. "తమ్ముడూ, గాలి లెక్క బాగా పట్టావు." నేను నోరు తెరిచేలోపు తమ్ముడు, "అయ్యో, అది అన్న తీసింది సార్" అన్నాడు. మాస్టారు ఫైల్ వివరాలు తెరిచారు. కాపీరైట్ దగ్గర తమ్ముడి పేరే ఉంది, కొన్నరోజే కెమెరా మెనూలో పెట్టుకున్నాడట. "రికార్డు ప్రకారం తమ్ముడిదే" అని ఆయన నా వైపు చూసి నవ్వారు.

వారం తర్వాత అతనే 12x18 సైజులో ప్రింటు వేయించి పంపించాడు. హాల్లో పెట్టాం. ఇంటికొచ్చినవాళ్లు ఎవరు తీశారని అడిగితే నేనేనంటాను. వాళ్లు దగ్గరికెళ్లి, కింద కుడి మూల సన్నటి తెల్ల అక్షరాల్లో ఉన్న తమ్ముడి పేరు చదివి, నా మొహం చూసి ఊరుకుంటారు. సెవెన్ డీ మార్క్ టూ ఇంకా అమ్మలేదు. దాన్లో తమ్ముడు తీసిన ఫొటోలు మాత్రం నా పేరు మీదే ఉన్నాయి.