లాల్‌బాగ్‌లో వలస పిట్టలు వెళ్ళిపోయే టైం

బెంగళూరులో బర్డింగ్ చేసేవాళ్ళందరూ, అంటే సరదాగా పిట్టల్ని వెతికి చూసేవాళ్ళందరూ, సెప్టెంబర్ కోసం ఎదురుచూస్తుంటారు, వలస పిట్టలు దిగడం మొదలయ్యేది అప్పుడే కాబట్టి, మొదటి గ్రీనిష్ వార్బ్లర్ కూత వినపడగానే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడిపోతుంది. అవి తిరిగి వెళ్ళిపోయే మార్చి, ఏప్రిల్‌లో మాత్రం గ్రూపు చప్పబడిపోతుంది. నాకు ఈ రెండు నెలలే ఎక్కువ ఇష్టం.

ఈ గ్రీనిష్ వార్బ్లర్ పది సెంటీమీటర్ల పిట్ట, పది గ్రాముల బరువు కూడా ఉండదు, ఆకుల్లో అస్సలు దొరకదు, "చిస్‌లీ చిస్‌లీ" అని అరిస్తేనే ఉందని తెలుస్తుంది. హిమాలయాల నుంచీ, ఇంకా పైన సైబీరియా నుంచీ వస్తాయి, వచ్చాక చలికాలమంతా ఒక చోటు పట్టుకుని ఇంకో వార్బ్లర్‌ని దగ్గరికి రానివ్వవు. ఇక్కడి లాల్‌బాగ్ తోటలో చెరువు వైపు దారిలో ఒక చెట్టు మీద అలాంటిదొకటి ఉంది, ఇప్పుడు దానికి తిండి తప్ప వేరే ధ్యాసే లేదు, ఎందుకంటే తిన్న పురుగులన్నీ కొవ్వుగా మారాలి, అంత దూరానికి ఆ కొవ్వే దారి బత్తెం.

వచ్చిన తేదీ రాయడం సులువు, కూత విన్నాం, రాసేశాం. వెళ్ళిన తేదీ అలా కాదు, ఇవాళ చూసిందే ఆఖరుసారి అని ఇవాళే ఎవరికి తెలుస్తుంది చెప్పండి, తర్వాత నాలుగైదుసార్లు వెళ్ళి వెతికినా కనపడకపోతేనే అర్థమవుతుంది. కాబట్టి రోజూ ఉండేదేగా అని వదిలేయకుండా చూసిన ప్రతిసారీ రాసిపెట్టుకోవాలి. 2007లో మన బెంగళూరు ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్ళు మొదలుపెట్టిన మైగ్రెంట్‌వాచ్ అనే వలస పిట్టల ప్రాజెక్టు ఇలా మామూలు జనం రాసిచ్చిన తేదీలతోనే నడిచింది, ఇప్పుడైతే చూసిన పిట్టల్ని రాసిపెట్టే ఈబర్డ్ యాప్ ఉంది, ఫోన్‌లో రెండు నిమిషాల పని.

మొన్న నంద్యాల నుంచి అమ్మ వస్తే తనని కూడా తీసుకెళ్ళా. బూరుగు చెట్టు పూల మీద రోజీ స్టార్లింగ్‌ల గుంపు, గులాబీ ఒళ్ళు, నల్ల తల, తేనె కోసం ఒకటే గోల. "ఇవి జొన్న చేల మీద పడేవే కదే, మంచె ఎక్కి వడిసెలతో కొట్టేవాళ్ళం" అంది అమ్మ. అవును, అవే! కంకులు తింటాయని మనవాళ్ళు తరిమేవాళ్ళు, అవే వేసవికి మధ్య ఆసియా వెళ్ళి గుడ్లు పెట్టి అక్కడ మిడతల్ని తింటాయి, అక్కడి రైతులకి మేలే. అమ్మ చాలాసేపు అక్కడే నిలబడి చూసింది, నడుద్దామన్నా కదల్లేదు.

ఏప్రిల్‌లో ఇంకొకటుంది, పొన్నంకి పిట్ట, అదే ఇండియన్ పిట్టా. దక్షిణాదిలో, శ్రీలంకలో చలికాలం గడిపి ఉత్తరాదికి పోతూ మధ్యలో కొన్నాళ్ళు ఇక్కడ ఆగుతుంది, ఒంటి మీద అన్ని రంగులున్నా ఎండుటాకుల్లో గెంతుతుంటే కనిపెట్టడం కష్టం. పొద్దున్నే, వాకింగ్ జనం పెరగకముందే వెళ్ళండి, వెదురు పొదల కింద ఆకుల చప్పుడు వినపడితే కాసేపు కదలకుండా నిలబడండి. కనపడితే తేదీ వేయడం మర్చిపోకండి, వార్బ్లర్ కూత వినపడితే దానిది కూడా.