ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న పాట

మా అమ్మాయి పాటల నోటుబుక్కు తెరిచినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమనేది. అన్నమయ్య కీర్తన మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేది. ఎక్కడ ల, ఎక్కడ ళ అన్నది ఆ రాతలో తెలిసే దారే లేదు. "తెలుగులో రాసుకోవే" అని చెప్పీ చెప్పీ ఒకరోజు ఆ పేజీ చింపేశాను. అది ఏడవలేదు. మళ్ళీ ఇంగ్లీషులోనే, నాకు కనబడకూడదన్నట్టు చిన్నచిన్న అక్షరాలతో రాసుకుంది. పేజీ చింపినందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

మేం ఉండేది టెక్సస్‌లో, సాన్ ఆంటోనియోలో. ఇక్కడ చాలా బడుల్లో బ్యాండు, ఆర్కెస్ట్రాలతో పాటు మరియాచీ అనే మెక్సికన్ మేళం కూడా ఒక క్లాసు. ఆరో తరగతిలో మా అమ్మాయి అందులో చేరింది. కర్ణాటక సంగీతానికి కొన్న వయొలిన్నే తీసుకెళ్ళింది. ఇంట్లో బాసింపట్టు వేసుకుని వాయించేది, బడిలో నిలబడి. స్పానిష్ పాటల్ని కూడా చెవికి వినబడినట్టు ఇంగ్లీషు స్పెల్లింగుల్లో రాసుకునేది. అది సరే, కానీ పక్కన పాడే మెక్సికన్ పిల్లలు కొందరి నోటుబుక్కులూ అచ్చం అలాగే ఉండటం చూసి నిర్ఘాంతపోయాను. వాళ్ళకీ ఇంట్లో ఇంగ్లీషే. ఒక కచేరీ అయ్యాక ఓ పిల్లాడి అమ్మమ్మ నాతో అంది: "వీడికి నాతో మాట్లాడటం రాదమ్మా, పాడటం వచ్చు. సెలీనా కూడా మొదట అంతేగా!"

గాయని సెలీనా కింతానీయా ఇక్కడ ఇంటింటి పిల్ల. 1971లో టెక్సస్‌లోనే పుట్టింది, ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగింది. ఒకప్పుడు తనకూ బ్యాండు ఉన్న తండ్రి, స్పానిష్ పాటల్ని పలుకు పలుకుగా నేర్పించాడు. అర్థం తర్వాత వచ్చింది, భాష ఇంకా తర్వాత వచ్చింది. 1995 ఫిబ్రవరిలో హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో అరవై వేల మందికి పైగా ఆమె పాట వినడానికి వచ్చారు. మరుసటి నెలలోనే హత్యకి గురైంది, ఇరవై నాలుగేళ్ళు నిండకుండానే. ఆ అమ్మమ్మ సెలీనా పేరు చెప్పి వెళ్ళిపోయింది గానీ, ఆ రాత్రంతా నాకు చింపిన పేజీయే కళ్ళముందు ఆడింది.

లాటిన్ సంగీతమంటే అన్నీ వలసపాటలే అనుకునేదాన్ని. అది తప్పు. 1836 దాకా ఈ టెక్సస్ మెక్సికోలో భాగం. ఇక్కడి పాత కుటుంబాలు కొన్ని ఎక్కడికీ కదల్లేదు, సరిహద్దే వాళ్ళని దాటి వెళ్ళింది. ఆ తర్వాత పనుల కోసం సరిహద్దు నది దాటి వచ్చినవాళ్ళు వచ్చారు. వాళ్ళ పక్కనే జర్మన్లు, చెక్కులు వచ్చి స్థిరపడ్డారు, వాళ్ళతో హార్మోనియంలా తిత్తితో పలికే అకార్డియనూ, పోల్కా అనే వాళ్ళ నాట్యపు దరువూ వచ్చాయి. వాటిని గిటారులాంటి పన్నెండు తీగల బాహో సెస్తోతో జత కలిపితే కొన్‌హుంతో అనే సంగీతం అయింది. 1936లో అకార్డియన్ వాయించే నార్సీసో మార్తీనెస్ రికార్డులు ఇచ్చేటప్పుడు అకార్డియన్ ఎడమచేతి మీటల్ని దాదాపు వదిలేశాడు, ఆ మంద్రం పనంతా పక్కన బాహో సెస్తో వాయించే శాంతియాగో అల్మేదాకి వదిలిపెట్టాడు. దాంతో కుడిచేతి స్వరాలు చురుగ్గా, విడివిడిగా వినబడ్డాయి. జర్మన్ల పెట్టె ఇక్కడి మెక్సికన్ల సొంతమైంది ఇలాగే.

ఇది చదివినప్పుడు మా తాతయ్య గుర్తొచ్చారు. తెనాలి దగ్గర పల్లెల్లో పద్య నాటకాలకి హార్మోనియం వాయించేవారు. ఆ హార్మోనియం పుట్టింది 1840లలో ప్యారిస్‌లో. దాని మీద గమకం పలకదనీ, అది మనది కాదనీ ఆలిండియా రేడియో 1940 నుంచి మూడు దశాబ్దాలు దాన్ని దగ్గరికి రానివ్వలేదు. మా ఊళ్ళో మాత్రం హార్మోనియం లేకుండా కృష్ణుడు రంగం మీదికి వచ్చేవాడే కాదు.

ఇక్కడ మే నెలలో జరిగే తెహానో (అంటే టెక్సస్ మెక్సికన్ల) కొన్‌హుంతో ఉత్సవానికి (1982 నుంచి నడుస్తోంది) పిల్లని తీసుకుని వెళ్ళాం. అకార్డియన్ తిత్తి సాగినప్పుడు ముసలివాళ్ళు గొంతెత్తి "ఆ...య్!" అని కేక పెడతారు. దాన్ని గ్రీతో అంటారు. పాటలోని దుఃఖానికీ సంతోషానికీ ఆ ఒక్క కేకే. మన నాటకాల్లో పద్యం చివర రాగం తీస్తుంటే వెనక వరసలోంచి "ఒన్స్‌మోర్" అని లేచే గొంతులు నాకు వినబడినట్టే అయింది. అక్కడ నాకు కన్నీళ్ళు ఆగలేదు.

లోస్ తీగ్రెస్ దెల్ నోర్తె అన్నదమ్ముల బ్యాండు, సినలోవా నుంచి వచ్చి కాలిఫోర్నియాలో సాన్ హోసేలో స్థిరపడ్డారు. వాళ్ళ పాట ఒకటుంది, పేరు 'బంగారు పంజరం' అని అర్థం వచ్చే స్పానిష్ మాట. పాట మధ్యలో ఆపి, మెక్సికో వెళ్ళి బతుకుదామా అని తండ్రి కొడుకుని స్పానిష్‌లో అడుగుతాడు. కొడుకు రానని ఇంగ్లీషులో చెబుతాడు. మా ఇంట్లో నేను తెలుగులో అడగడం, అది ఇంగ్లీషులో జవాబివ్వడం రోజూ ఉన్నదే. అయినా ఆ పాట విన్నరోజు నేను వంటింట్లో పొయ్యి కట్టేసి కూర్చుండిపోయాను. ఆ తండ్రి మీద జాలి కలిగింది. అంతకంటే ఎక్కువగా ఆ పిల్లాడి మీద కలిగింది. వాడు తప్పేమీ అనలేదు. వాడి ఊరు ఇదే.

ఈ దసరాకి తెలుగు సంఘం వేదిక మీద కృష్ణరాయబారం పద్యం ఒకటి పాడతానంది మా అమ్మాయి. తాతయ్య వాయించిన పద్యమట, అమ్మమ్మ ఫోనులో పాడి వినిపించింది. రాసుకున్నది మళ్ళీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. రోజూ రాత్రి పక్కన కూర్చుంటున్నాను. ళ పలకాల్సిన చోట అక్షరం కింద పెన్సిలుతో ఒక చుక్క పెడుతున్నాను, అది చూసుకుని నాలుక మడిచి పాడుతోంది.