మా బరంపురం ఇంటి ప్లాన్

బరంపురంలో కట్టబోయే కొత్త ఇంటి ప్లాన్ దాదాపు ఖరారైంది. 30 బై 50 స్థలం, తూర్పు వాకిలి. ఆగ్నేయంలో వంటిల్లు, ఈశాన్యంలో దేవుడి గది. ఇందులో ఎవరికీ పేచీ లేదు.

అసలు చర్చంతా నానమ్మ గది గురించే. మేడ మీదైతే గాలి బాగా వస్తుందని అన్నయ్య అన్నాడు కానీ, ఆ మోకాళ్లతో నానమ్మ మెట్లెక్కలేదు. అందుకే కింద, హాలు పక్కనే గది, దాన్ని ఆనుకునే బాత్‌రూమ్. ఆ తలుపు వెడల్పు 3 అడుగులు ఉండాలని గట్టిగా చెప్పాను. రెండున్నర అడుగుల తలుపులోంచి చక్రాల కుర్చీ వెళ్లడం చాలా కష్టం. బాత్‌రూమ్‌కి గడప వద్దు, కాలు జారని టైల్స్ కావాలి.

ఇంకో టెన్షన్ తుఫాను. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా ఊరు పడ్డ అవస్థ మర్చిపోలేం. మెట్లు బయట పెడితే లోపల చోటు కలిసొస్తుందని మేస్త్రీ అంటున్నాడు. నేను ఒప్పుకోలేదు. గాలివానలో మేడ మీదున్నవాళ్లు ఇంట్లోంచే కిందికి దిగిరావాలి. ఇంటి మట్టం కూడా రోడ్డు కంటే బాగా ఎత్తు పెట్టిస్తున్నాం.

అమ్మ అడిగింది ఒక్కటే, వీధి వైపు అరుగు. కారుకి చోటు కాస్త తగ్గినా సరే, అరుగు కట్టిస్తాం.