బోస్టన్‌లో శామ్యూల్ ఆడమ్స్ ఎదుట

మ్యూజియం టికెట్ మనిషికి దాదాపు ముప్పై డాలర్లు! పార్కింగ్ ధర చూసి కారు హోటల్లోనే వదిలేసి గ్రీన్ లైన్ రైలు ఎక్కితే, అదేమో అడుగడుక్కీ ఆగుతూ వెళ్ళింది. లోపలికి చేరేసరికే నాకు చిరాకు తలకెక్కింది. మావాళ్ళు ఈజిప్టు మమ్మీల వైపు వెళ్ళారు. నేను అమెరికా చిత్రాల వైపు మళ్ళాను.

అక్కడ బ్రిటిష్ పాలనను ఎదిరించిన బోస్టన్ నాయకుడు శామ్యూల్ ఆడమ్స్ నన్ను ఆపేశాడు. జాన్ సింగిల్టన్ కాప్లీ 1772 ప్రాంతంలో వేసిన తైలవర్ణ చిత్రం అది. ఎత్తు నాలుగడుగులకు కాస్త ఎక్కువ. వెనకంతా చీకటి, వెలుగంతా ముఖం మీద, చేతుల మీద. కుడి పిడికిట్లో బోస్టన్ పౌరుల విన్నపం. ఎడమచేతి చూపుడువేలు బల్లమీదున్న మసాచుసెట్స్ చార్టర్ వైపు, అంటే ఆ వలసకు హక్కులిచ్చిన రాజపత్రం వైపు. మా వైపు జమీందారీ బంగళాల్లో చూసిన చిత్తరువుల్లో తలపాగా, ముత్యాల హారాలు, కత్తి పిడి కనిపిస్తాయి. ఈయన ఒంటిమీద సాదా ముదురు కోటు ఒక్కటే. ఉన్న బలమంతా ఆ కాగితంలోనే.

నేను కదలకపోవడం చూసి కాపలా ఉన్న పెద్దాయన దగ్గరికొచ్చాడు. "సరిగ్గా ఎదురుగా నిలబడండి. ఇప్పుడు మీరే హచిన్సన్" అన్నాడు. ఒళ్ళు జలదరించింది. 1770 మార్చి 5న బోస్టన్‌లో బ్రిటిష్ సైనికుల కాల్పుల్లో ఐదుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మర్నాడు ఆడమ్స్ తాత్కాలిక గవర్నర్ థామస్ హచిన్సన్ దగ్గరికెళ్ళి పటాలాలను ఊళ్ళోంచి పంపేయమన్నాడు. ఒకదాన్ని పంపిస్తానంటే ఒప్పుకోలేదు, రెండూ వెళ్ళాల్సిందే అన్నాడు. రెండూ వెళ్ళాయి. కాప్లీ పట్టుకున్నది ఆ ఘట్టాన్నే.

ఈ బొమ్మ వేయించింది ఆడమ్స్ సహచరుడు, ధనిక వ్యాపారి జాన్ హాంకాక్ అంటారు. కాప్లీ సంగతే నన్ను ఎక్కువ బాధపెట్టింది. 1773లో ఈస్ట్ ఇండియా కంపెనీ టీని బోస్టన్‌లో అమ్మే హక్కు దక్కిన వ్యాపారుల్లో ఆయన మామగారు రిచర్డ్ క్లార్క్ ఒకరు. టీ వ్యాపారులకూ, ఆ టీని అడ్డుకున్న ఊరివాళ్ళకూ సర్దిచెప్పాలని కాప్లీ తిరిగాడు, కుదరలేదు. డిసెంబర్ 16 రాత్రి నిరసనకారుల చేతుల్లో 342 టీ పెట్టెలు సముద్రం పాలయ్యాయి. మరుసటి ఏడాది ఇంగ్లాండు వెళ్ళిన కాప్లీ మళ్ళీ పుట్టిన ఊరు చూడలేదు.

అప్పుల్లో కూరుకున్న కంపెనీని గట్టెక్కించడానికే బ్రిటిష్ పార్లమెంటు ఆ టీ అమ్మకాలకు దారిచ్చిన చట్టం చేసింది. అప్పటికే అదే కంపెనీ మన ఉత్తర సర్కారుల్లో శిస్తు లాగుతోంది. బడిలో మాకు ఇవి రెండు వేరువేరు పాఠాలు. బందరు ఒక పేజీలో, బోస్టన్ ఇంకో పేజీలో. కలిపి చెప్పినవాళ్ళే లేరు. అందుకు ఇప్పటికీ నాకు కోపమే.

రాత్రి భోజనాల దగ్గర మావాడికి ఇదంతా చెప్పాను. "అంటే మన రైతుల డబ్బు తింటూ కూడా దివాలా తీశారా నాన్నా?" అన్నాడు. బెంగాల్ దివానీ, అంటే శిస్తు వసూలు హక్కు, కంపెనీకి ఎలా దక్కిందో చెప్పాలని ప్లాసీ యుద్ధం నుంచి మొదలుపెట్టాను. హోటలువాళ్ళు బల్లలు తుడవడం మొదలుపెట్టినా మేం ఇంకా ప్లాసీ దాటలేదు.