జాతీయవాద వ్యాప్తి: మెయిన్స్ కోసం నేను చదివిన తీరు

గ్రూప్-1 మెయిన్స్‌కు, సివిల్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపరుకు సిద్ధమవుతున్న మిత్రుల్లో చాలామంది ‘జాతీయవాద భావజాల వ్యాప్తి’ని నాయకుల పేర్లు, సంస్థలు, సంవత్సరాల పట్టికగా మార్చుకుంటున్నారు. ఆ పట్టిక ప్రిలిమ్స్‌కు సరిపోతుంది. ఇంగ్లీషు చదువుకున్న కొద్దిమందిలో మొదలైన ఆలోచన ఆ చదువు లేని జనం దాకా ఏ దారిన చేరిందన్నది మెయిన్స్‌లో తేల్చవలసిన విషయం. నా నోట్సంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తయారు చేసుకున్నాను.

దీనికి రాజమండ్రిని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. 1907 ఏప్రిల్‌లో బెంగాల్ జాతీయవాద నాయకుడు బిపిన్ చంద్రపాల్ అక్కడ ఇంగ్లీషులో ప్రసంగిస్తే చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులో వినిపించారు. భరతఖండం పాడియావు అనీ, లేగదూడలు ఏడుస్తుంటే వాటి మూతులు బిగించి తెల్లవారు పాలు పితుకుకుంటున్నారనీ చిలకమర్తి చెప్పిన పద్యం మనందరికీ తెలిసిందే. మన సంపద బ్రిటన్‌కు తరలిపోతోందని దాదాభాయి నౌరోజీ గణాంకాలతో నిరూపించిన సంపద తరలింపు సిద్ధాంతం, ఒక్క అంకె కూడా లేకుండా, పశువుల కొట్టం ఉన్న ప్రతి ఇంటికీ అర్థమయ్యే రూపంలో అందులో ఉంది. జవాబులో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి రాస్తే వ్యాప్తి ఎలా జరిగిందో వేరుగా వివరించనక్కర్లేదు.

ఆ సభల తర్వాత వందేమాతర ఉద్యమంలో పాల్గొన్నందుకు ట్రైనింగ్ కళాశాల నుంచి బహిష్కృతుడైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో ‘స్వరాజ్య’ పత్రికలోని రాతలకు జైలుపాలై, తర్వాతి కాలంలో గ్రంథాలయోద్యమానికి నాయకుడయ్యారు. కళాశాల, పత్రిక, గ్రంథాలయం అనే మూడు మార్గాలూ ఒక్క మనిషి జీవితంలోనే వరుసగా కనిపిస్తున్నాయి కాబట్టి, కోచింగ్ మెటీరియల్‌లో వేర్వేరు అధ్యాయాలుగా ఉన్న వాటిని ఆయన పేరు కింద కలిపి చదవడం మేలు. నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. గస్తీ నిషాన్ 53 వంటి ఉత్తర్వులతో సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి అయినచోట, 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయాలు పుస్తకాలు ఇవ్వడంతోపాటు రాజకీయ చైతన్యానికీ నీడనిచ్చాయి. తెలంగాణ గ్రూప్-1 రాసేవారు ఈ తేడాను తప్పక చూపించాలి.

ప్రపంచ చరిత్రలో పోలికకు నేను ఇండోనేషియాను ఎంచుకున్నాను. డచ్చి పాలనలోని వేర్వేరు దీవుల యువకులు 1928 అక్టోబరు 28న ఒకే మాతృభూమి, ఒకే జాతి, ఐక్యతకు ఒకే భాష అని ప్రతిజ్ఞ చేశారు. ఆ భాషగా వారు తీసుకున్నది అత్యధికులు మాట్లాడే జావనీస్‌ను కాదు, ఓడరేవుల్లోనూ సంతల్లోనూ అప్పటికే వాడుకలో ఉన్న మలయ్‌ను. పెద్ద వర్గం భాషను అందరిపైనా రుద్దలేదు గనుక 1945లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న తర్వాత జాతీయ భాష విషయంలో ఆ దేశం పెద్దగా చిక్కులు పడలేదని నా అభిప్రాయం. (ప్రాంతీయ తిరుగుబాట్లు అక్కడా వచ్చాయి, వాటికి కారణాలు వేరు.)

మన దేశంలో కథ మరో దారిన నడిచింది. జనాన్ని చేరుకోవడానికి కాంగ్రెస్ 1920 నాగపూర్ సమావేశంలో తన రాష్ట్ర శాఖలను భాషా ప్రాతిపదికన పునర్వ్యవస్థీకరించింది. అదే కాంగ్రెస్ అధికారంలోకి వచ్చాక, దేశ విభజన గాయాలు మానకముందే భాషా రాష్ట్రాలేమిటని జె.వి.పి. కమిటీ (జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభభాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్యల సంఘం) ద్వారా వెనకాడింది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం చేసేదాకా ఆ వెనుకంజ సాగింది. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రాన్ని జాతీయవాదానికి ఎదురు నిలిచిన ప్రాంతీయతగా చిత్రించే జవాబులు ఎక్కువగా కనిపిస్తాయి. వలస పాలనకు వ్యతిరేకంగా జాతీయోద్యమమే తెలుగువారికి నేర్పిన భాషలో, ఆ ఉద్యమమే ఇచ్చిన మాటను నిలబెట్టుకోమని వారు స్వతంత్ర ప్రభుత్వాన్ని అడిగారని రాయడం చరిత్రకు మరింత దగ్గరగా ఉంటుంది.