మాంక్‌కి తిండి పెట్టేదెవరు?

ఆదివారం, రాత్రి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల కథల ఆటకి నేను గీస్తున్న కొత్త క్యాంపెయిన్ (చాలా రోజులు సాగే కథ) పటం దాదాపు అయిపోయింది. కోటలు, రేవులు, దొంగల దారులు అన్నీ కుదిరాయి. మిగిలింది ఆటగాళ్ళు ఎంచుకునే పాత్రల్లో ఒకటైన మాంక్ ఒక్కడే. ఉక్కు కవచాల యోధులు, మంత్రగాళ్ళు తిరిగే రాజ్యంలో ఉత్త చేతులతో కొట్టే సన్యాసిని ఎక్కడ పెట్టాలి? చాలామంది డీఎంలు (ఆట నడిపేవాళ్ళు) చేసేది తెలిసిందే: "తూర్పున ఏదో దూరదేశం నుంచి వచ్చాడు" అని ఒక ముక్క రాసి చేతులు దులుపుకుంటారు. మూడో సెషన్‌కల్లా దాని ఫలితం బయటపడుతుంది. దొంగకి ముఠా ఉంటుంది, క్లెరిక్‌కి, అంటే పూజారికి, గుడి ఉంటుంది. మాంక్‌కి మాత్రం ఈ పటంలో తెలిసినవాడూ ఉండడు, పగవాడూ ఉండడు.

అసలు దూరదేశం అవసరమే లేదు. యూరప్‌లో మనకు దొరికినవాటిలో అతి పాత కత్తిసాము పుస్తకం 1300 ప్రాంతంలో జర్మనీలో రాసినది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో రాయల్ ఆర్మరీస్ దగ్గర ఉంది. అందులో కత్తి, చిన్న డాలు పట్టుకుని శిష్యుడికి పట్లు నేర్పేది ఒక క్రైస్తవ మతగురువు. చివర్లో వాల్పుర్గిస్ అనే స్త్రీ కూడా బరిలోకి దిగుతుంది. కోటలు, చర్చిల ప్రపంచంలో సాము నేర్పే మఠం ఉందంటే ఎవరూ ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఆశ్చర్యపోవాల్సింది దాని ఖర్చు గురించి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సాధన చేసే వందమందికి తిండి ఎక్కణ్ణుంచి వస్తుంది? చరిత్రలో దీనికి సూటి జవాబులే ఉన్నాయి. 621లో చైనాలోని షావోలిన్ మఠం సన్యాసులు, తర్వాత టాంగ్ చక్రవర్తి అయిన లి షిమిన్ పక్షాన నిలిచారు. అతను ఇచ్చిన పొలాలు, నీటితో తిరిగే పిండిమర సంగతి 728 నాటి శిలాశాసనంలో చెక్కి ఉంది. జపాన్‌లో హీయే కొండ మీది ఎన్‌ర్యకుజి బౌద్ధ మఠం సన్యాసులు సైన్యం పోషించి రాజకీయాల్లో వేలు పెడితే, 1571లో సేనాని ఓడా నొబునాగా కొండంతా తగలబెట్టించాడు. మన దేశంలో అనూప్‌గిరి గోసాయి నాగా సాధువుల దళం అవధ్ నవాబు కొలువులో 1764 బక్సర్ యుద్ధానికి దిగింది. పొలం, పలుకుబడి, జీతం. ఈ మూడింట్లో ఏదో ఒకటి తేలితే మఠానికి మిత్రులెవరో శత్రువులెవరో వాటంతటవే తేలతాయి. నా పటంలో ఉత్తరాన ఉప్పు బళ్ళు దాటే కనుమ ఒకటి ఉంది. అక్కడ సుంకం వసూలు చేసేది మఠమే. ఉప్పు వర్తకులకి ఒళ్ళు మండుతుంది, రాజుకి కన్నుకుడుతుంది. అంతకంటే ఏం కావాలి?

ఉత్త చేతులెందుకు అన్న ప్రశ్నకి మాత్రం చరిత్ర పెద్దగా అక్కరకు రాదు. పైవాళ్ళంతా ఆయుధాలు పట్టినవాళ్ళే. చైనాలో మింగ్ వంశం కాలంలో షావోలిన్‌కి పేరు తెచ్చిందీ ముందు కర్ర, ఆ తర్వాతే పిడికిలి. అందుకని కారణం కల్పించుకోవాల్సిందే, అదీ ఆటలో పనికొచ్చేదై ఉండాలి. "హింస పాపం" అనే వ్రతం వద్దు. ప్రతి పోరు ముందూ పార్టీలో, అంటే ఆటగాళ్ళ బృందంలో, వాదన మొదలవుతుంది. నేను పెట్టింది ఒప్పందం: కనుమ వనదేవతలది, అక్కడ ఇనుము ఒర దాటకూడదు. వచ్చేపోయేవాళ్ళు గేటు దగ్గర ఆయుధాలు అప్పగించాలి, కాపలావాళ్ళకీ అదే నియమం. కాపలా కాయాలంటే చేతులు, కర్ర తప్ప దారి లేదు. ఎవడో బూటులో బాకు దాచి తెస్తాడు, అదే మొదటి సాహసం.

ఇక మఠం కట్టడం. దీనికి రూల్‌బుక్కే మేస్త్రి. ఆట 2014 ఐదో ఎడిషన్‌లో నాలుగో లెవెల్ (అనుభవంతో ఎక్కే మెట్టు) మాంక్ కింద పడితే దెబ్బ పాయింట్లలో 20 తగ్గుతుంది. ప్రతి పది అడుగులకీ ఒక ఆరు ముఖాల పాచిక వేసి వచ్చినంత దెబ్బ కాబట్టి 30 అడుగుల నుంచి పడితే గరిష్ఠం 18. అంటే ప్రహరీ సరిగ్గా 30 అడుగులు కట్టి, దూకడమే పరీక్ష అంటే సరిపోతుంది. నాలుగో లెవెల్‌వాడికి గీత కూడా పడదు. మూడో లెవెల్‌వాడు సగటున పది దెబ్బ తింటాడు, తొందరపడి దూకినవాళ్ళు ఎందుకు కుంటుతున్నారో అర్థమవుతుంది. మూడో లెవెల్‌లో బాణం పట్టే విద్య ఉంది: పది ముఖాల పాచిక, డెక్స్టెరిటీ (చురుకుదనం) బోనస్, లెవెల్ కలిపి అంత దెబ్బ తగ్గుతుంది. బోనస్ మూడు ఉంటే తక్కువలో తక్కువ ఏడు. మామూలు బందిపోటు బాణాలు చాలావరకు చేతిలోనే ఆగిపోతాయి. పదిహేనో లెవెల్‌కి అన్నం నీళ్ళే అక్కర్లేదు. ముట్టడి వేసి అలాంటి మఠాధిపతిని లొంగదీయాలనుకునే సేనాపతిని తలుచుకుంటే నవ్వొస్తుంది.

పై మెట్ల సంగతికి 1978 నాటి పాత ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ బంగారం. పై లెవెళ్ళలో మాంక్‌ల సంఖ్యకి పరిమితి ఉండేది. పైకి వెళ్ళాలంటే ఆ స్థానంలో ఉన్నవాణ్ణి ఒంటరిపోరులో ఓడించాలి, ఓడితే కిందికి దిగాలి. ఆటలో ఆ నియమం చిరాకే, పార్టీ అంతా ఒకడి ద్వంద్వయుద్ధం చూస్తూ కూర్చోవాలి. మఠం లోపలి రాజకీయానికి మాత్రం అంతకంటే మంచిది దొరకదు, అక్కడికే వాడుకున్నాను.

ఇప్పుడు టేబుల్ దగ్గర తలనొప్పి. 2014 నిబంధనల్లో ఐదో లెవెల్ మాంక్‌కి ఐదు కీ పాయింట్లు, అంటే ప్రత్యేక విద్యలకి ఖర్చుపెట్టే శక్తి. ఒకటి ఖర్చుపెడితే దెబ్బలు నాలుగవుతాయి, మిగిలిన నాలుగూ నాలుగు స్టన్నింగ్ స్ట్రైక్‌లకి (శత్రువుని కదలకుండా చేసే దెబ్బలకి) సరిపోతాయి. విజ్‌డమ్ (వివేకం) బోనస్ మూడైతే డీసీ, అంటే తట్టుకోవడానికి శత్రువు పాచికతో చేరాల్సిన అంకె, 14. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దిట్టదనం) సేవ్‌కి, అంటే తట్టుకోవడానికి వేసే పాచికకి, ప్లస్ నాలుగున్న రాక్షసుడు ఒక్కోసారి విఫలమయ్యే అవకాశం 45 శాతం. నాలుగూ తగిలితే కనీసం ఒకసారి విఫలమయ్యే అవకాశం 91 శాతం. కథంతా పెంచుకొచ్చిన విలన్ మొదటి రౌండ్‌లోనే బొమ్మలా నిలబడిపోతాడు. 2024 నిబంధనల్లో దీన్ని టర్న్‌కి ఒక్కసారికి కుదించారు, పాత పుస్తకంతో ఆడేవాళ్ళూ అది అరువు తెచ్చుకోవచ్చు. విలన్‌ని స్టన్ తగలనివాడుగా చేయడం మాత్రం అన్యాయం. పక్కన నలుగురు అనుచరుల్ని పెట్టి, వాళ్ళలో ఇద్దరిని దూరంగా మిద్దె మీద ఉంచితే మాంక్ వేగానికీ పని దొరుకుతుంది.

దీనికి తిరగబడ్డ సమస్య నిధిపెట్టెలో ఉంది. ఫైటర్‌కి ప్లస్ వన్ కత్తి (గురికీ దెబ్బకీ ఒకటి కలిపే మాయాకత్తి) దొరికిన రోజు మాంక్ చేతికి ఏమీ రాదు. 2014 నిబంధనల్లో ఆరో లెవెల్ నుంచి పిడికిలి మాయాయుధంగా లెక్కకొస్తుందిగానీ గురి పెరగదు, దెబ్బ బరువూ పెరగదు. పిడికిలికి చుట్టుకునే పట్టీలు తయారుచేసి అదే ప్లస్ వన్ వాటికిస్తే సరి. అవి మఠంలో పెద్దాయన స్వయంగా కట్టాలి, నిధిపెట్టెలో దొరకకూడదు. అప్పుడు ప్రతి రెండు మూడు సాహసాలకీ పార్టీ కనుమకి తిరిగొస్తుంది, వచ్చిన ప్రతిసారీ గేటు దగ్గర ఫైటర్ తన కత్తి అప్పగించాల్సిందే.